తెర ఇటు తిప్పమ్మా

ఆమదాలవలస స్టేషన్లో మొన్న రైలు ఆలస్యమైంది. ప్లాట్‌ఫారం మీద ఒక పెద్దమనిషి టీ కప్పు పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తున్నాడు. బెంచీలు ఖాళీగానే ఉన్నాయి. అయినా నడుస్తూనే తాగుతున్నాడు, ఆగి రైలొచ్చే వైపు వంగి చూస్తున్నాడు, మళ్ళీ నడుస్తున్నాడు. వెనక నుంచి ఆ భుజాలు, ఆ తొందర చూసేసరికి లేచి నిలబడ్డాను. నా దగ్గర పాఠాలు నేర్చుకున్న ఆ పెద్దాయన కాదని నాకు తెలుసు. ఆయన పోయి ఏడాది దాటింది. తెలిసి కూడా బ్యాగు బెంచీ మీద వదిలేసి, మొహం కనిపించేదాకా గబగబా వెనకాలే వెళ్ళాను.

ఎవరో బియ్యం మిల్లు ఆసామి. "ఏటమ్మా, ఏటైనా కావాలా?" అన్నాడు.

"ఏం లేదండీ. తెలిసినవాళ్ళేమో అనుకున్నాను."

తిరిగొచ్చి కూర్చున్నాను గానీ కాళ్ళు ఒకచోట నిలవలేదు. రైలొచ్చేదాకా నేనూ నడుస్తూనే ఉన్నాను.

ఆయన డాక్టరు. శ్రీకాకుళంలో ఒక చిన్న ఆసుపత్రిలో ఐసీయూ చూసేవారు. నేను విజయనగరంలో అదే పని చేస్తాను. వారాంతాల్లో మా రెండు జిల్లాల ఐసీయూ డాక్టర్లకి మంచం పక్కనే అల్ట్రాసౌండ్ చేయడం నేర్పుతాను. స్కానింగ్ గదికి మోసుకెళ్ళే వీల్లేని రోగి దగ్గరికి చిన్న మెషీనునే తోసుకొచ్చి, గుండె ఎలా కొట్టుకుంటోంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరిందా, ఇంకా సెలైన్ ఎక్కించాలా ఆపాలా అని అక్కడికక్కడే చూసుకోవడం ఆ విద్య. ఆయన నా దగ్గర విద్యార్థిగా చేరారు. నాకంటే బాగా పెద్ద. క్లాసులో మిగతావాళ్ళంతా ఆయన పిల్లల ఈడువాళ్ళు.

మొదటిరోజు అందరూ కుర్చీల్లో కూర్చుంటే ఆయన గోడకి ఆనుకుని నిలబడ్డారు. కాసేపటికి కిటికీ దగ్గర కనిపించారు. ఇంకాసేపటికి మెషీను వెనక, వైర్లు ఎటు పోతున్నాయో వంగి చూస్తూ. నేను ప్రశ్న పూర్తిచేసేలోగా జవాబు చెప్పేసేవారు. అది తప్పని నేననేలోగా ఇంకోటి చెప్పేవారు. ఫోను మోగితే బయటికి పరిగెత్తి, "ఒరే, ఆ బాటిల్ ఆపీయండ్రా, నేను వచ్చీదాకా ముట్టుకోకండి" అని వరండా అదిరేలా అరిచి లోపలికొచ్చి, "ఎక్కడున్నాం?" అనేవారు, ఏదో క్లాసంతా ఆయన కోసం ఆగినట్టు. నిజానికి ఆగేది కూడా.

"కూర్చోండి సార్" అంటే, "కూసుంటే నిద్దరొస్తాదమ్మా" అనేవారు. అన్నం కూడా నిలబడే తినేవారు. ఇంగ్లీషు చక్కగా మాట్లాడగలరు. కానీ మాట కాస్త వేడెక్కితే చాలు, ఊరి మాట వచ్చేసేది. దాన్ని ఆపుకోవాలని ఆయన ఎప్పుడూ అనుకున్నట్టు లేదు.

అసలు ఇబ్బంది చేతితో వచ్చింది. ప్రోబ్ అంటే సబ్బుబిళ్ళంత పరికరం. జెల్ రాసి, పక్కటెముకల సందున ఆనించి, అక్కడే ఉంచి, వెంట్రుకవాసి వంచుతూ తిప్పుతూ చూడాలి. ఆయన దాన్ని గచ్చు తుడిచినట్టు ఛాతీ అంతా తిప్పేసేవారు. తెర మీద గుండె మెరిసి మాయమైపోయేది.

"చెయ్యి ఆపండి సార్."

"ఆగితే ఏటి కనిపిస్తాదమ్మా? నడిస్తేనే కదా ఊరు కనపడతాది."

"ఇక్కడ ఊరే నడుస్తుంది సార్. మీరు అరుగు మీద నిలబడి చూడాలి."

ఆయన నా వైపు తిరిగి, కళ్ళజోడు పైనుంచి చూసి, పకపకా నవ్వారు. ఆ తర్వాత క్లాసులో ఎవరి చెయ్యి కదిలినా "అరుగు, అరుగు" అని నాకంటే ముందు ఆయనే అరిచేవారు. తన చెయ్యి మాత్రం కదులుతూనే ఉండేది. చిటికెనవేలు ఛాతీకి ఆనించి పట్టుకోమన్నాను. నా చెయ్యి ఆయన చేతి మీద వేసి నొక్కి పట్టాను. కింద ఆ వేళ్ళు, మూట కట్టిన పిట్టల్లాగా, ఒకటే కొట్టుకునేవి.

"ఈ వయసులో ఎందుకు సార్ ఇంత అవస్థ?" అని ఒక కుర్ర డాక్టరు టీ దగ్గర అడిగాడు.

"ఇన్నాళ్ళూ చెవితో ఊహించడమే బావూ. లోపల ఏటి జరుగుతన్నాదో ఎప్పుడూ సూడనేదు. ఒకసారి కంటితో సూసి సావాలని."

అందరూ నవ్వారు.

ఎవరి మీద నేర్చుకోవాలన్నది ఈ శిక్షణలో ఎప్పుడూ ఉండే సమస్య. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒకరు చొక్కా విప్పి మంచమెక్కాలి. మామూలుగా కాలేజీ కుర్రాళ్ళు ఎవరో ఒకరు వచ్చేవారు. ఒక ఆదివారం వస్తానన్న కుర్రాడు రాలేదు. నేను ఫోను మీద ఫోను చేస్తున్నాను. ఆయన అప్పటికే పొందూరు ఖద్దరు చొక్కా విప్పి, మడత చెడకుండా కుర్చీకి వేస్తున్నారు.

"ఎవులో ఒకలు పడుకోవాల కదా. నేనే పడుకుంటాను. ఈ లోపల ఆ కుర్రోడికి పెళ్ళయిపోతాది."

మంచమెక్కి, నేను చెప్పినట్టే ఎడమ పక్కకి ఒత్తిగిల్లి, చెయ్యి తలకింద పెట్టుకున్నారు. మొహం గోడ వైపు, వీపు మెషీను వైపు. తెర మీద బొమ్మ క్లాసంతటికీ కనిపించేలా ఆయన వీపు వెనక గోడ మీద ప్రొజెక్టరు వేసి ఉంది. పడుకుని కూడా ఆయన మాట ఆపలేదు. జెల్ చల్లగా ఉందని, ఈ జెల్లుని ఎండాకాలం అమ్మితే బాగా పోతుందని, ఏదేదో. మధ్యమధ్య ఆగి గాలి పీల్చుకోవడం నేను విన్నాను. మాటల వల్ల అనుకున్నాను.

ప్రోబ్ పెట్టాను. "ఇది ఎడమ గది. శరీరానికంతా రక్తం తోసేది ఇదే" అని మొదలుపెట్టి ఆగిపోయాను.

ఆ గది ఉండాల్సినదానికంటే చాలా పెద్దదిగా ఉంది. గోడలు దగ్గరికి రావాలి, పిడికిలి బిగిసినట్టు. రావడం లేదు. బద్ధకంగా, గాలికి తెరచాప ఊగినట్టు, కాస్త కదిలి ఊరుకుంటున్నాయి. కోణం తప్పేమోనని మార్చాను. ఇంకో సందులోంచి చూశాను. ఎటు నుంచి చూసినా అదే గుండె.

క్లాసులో అందరూ గోడ మీది బొమ్మకేసే చూస్తున్నారు. అప్పటికి వాళ్ళకీ చూడడం వచ్చింది. నా చెయ్యి బొమ్మని ఆపేసే మీట మీదికి వెళ్ళింది.

సరిగ్గా అప్పుడు ఆలస్యంగా వచ్చిన ఒక కుర్ర డాక్టరు తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. మంచం మీద ఎవరున్నారో వాడికి కనిపించలేదు. గోడ మీద బొమ్మ కనిపించింది. నేను దాచిన పాత వీడియో వేసి పరీక్ష పెడుతున్నాననుకుని, అక్కడి నుంచే హుషారుగా, "పంపింగ్ అస్సలు బాలేదు మేడం!" అన్నాడు.

ఆయన గోడ వైపు తిరిగే ఉన్నారు. "ఏటమ్మా ఆగిపోయేవు?" అన్నారు నెమ్మదిగా. తర్వాత, "తెర ఇటు తిప్పమ్మా."

"సార్, తర్వాత మనం..."

"తిప్పమ్మా."

మెషీనుని మంచం చుట్టూ అటు తోశాను. ప్రోబ్ మళ్ళీ పెట్టాను. ఆయన కళ్ళజోడు అడిగి తీసుకుని పెట్టుకున్నారు. చూశారు. "వెలుతురు తగ్గించు" అన్నారు. తగ్గించాను. "ఇంకొద్దిగ వంచు." వంచాను. మెషీనుతో వాదం పెట్టుకున్న మనిషిలా ఒక్కో సందేహం అడిగారు, ఒక్కోటీ తీరిపోయింది. ఆఖరికి తల కొద్దిగా ఎత్తి, గుమ్మం దగ్గర కొయ్యబారి నిలబడిపోయిన కుర్రాడిని చూసి, "కరెక్టే సెప్పేవు బావూ. నువ్వు పాసు" అన్నారు.

వాడు అక్కడే ఏడ్చేశాడు. ఆయనే లేచి, జెల్ తుడుచుకోకుండానే చొక్కా తొడుక్కుని, వాడి భుజం తట్టి బయటికెళ్ళారు.

నేను వెనకాలే వెళ్ళాను. వరండాలో అటూ ఇటూ నడుస్తున్నారు.

"రాత్రిళ్ళు పడుకోగలుగుతున్నారా సార్?"

"రెండు దిళ్ళు. ఈ మధ్యన మూడు."

"మెట్లెక్కితే?"

"ఆయాసం. వయసనుకున్నాను." నడక ఆపకుండానే అన్నారు, "ఇయ్యన్నీ నేను రోజూ రోగుల్ని అడిగే ప్రశ్నలేనమ్మా. నన్నెవులూ అడగనేదు."

అప్పుడు నాకర్థమైంది. కుదురులేని మనిషి అని మేమంతా నవ్వుకున్నాం. కుదురు ఆయనకు పుట్టుకతోనే లేదేమో, నిజమే. కానీ కొన్నాళ్ళుగా నడుం వాలిస్తే ఊపిరాడక కూడా లేచి తిరుగుతున్నారు. ఎక్కడ స్వభావం అయిపోయి ఎక్కడ జబ్బు మొదలైందో ఆయనకే తెలియలేదు.

వెంటనే విశాఖ వెళ్ళి గుండె డాక్టరుకి చూపించుకోమన్నాను. "అలాగే" అని కారెక్కారు. తర్వాతి వారం రాలేదు. ఫోను ఎత్తలేదు. ఆ రోజుల్లో నా పరిస్థితి చెప్పలేను. ఐసీయూలో ఉంటే ఫోను చూసుకుంటాను, ఇంట్లో ఉంటే కిటికీ దగ్గరికి వెళ్తాను. ఎవరి ఛాతీ మీద ప్రోబ్ పెట్టినా ముందు ఆ పెద్ద గది కనిపిస్తుందేమోనని భయం.

కొన్ని వారాలకి తనే వచ్చారు. బాగా చిక్కారు. చేతిలో మాత్రల డబ్బా.

"ఎల్లొచ్చేను. గొట్టం పెట్టి సూసేరు. రక్తనాళాలు బాగానే ఉన్నాయట. కండే పాడయిపోనాదట. ఎందుకో తెల్దట. ఇంటిదానికి సెప్పేను, అది కొన్నాళ్ళు నాతోటి మాటాడ్డం మానీసింది."

"విశ్రాంతి తీసుకోమన్నారా?"

"అన్నారు. ఏ కంపెనీ మాత్రమ్మా అది?"

ఆ రోజు ఆయన పట్టుబట్టి మళ్ళీ మంచమెక్కారు. నేను ముందు ఒప్పుకోలేదు. "మంచి గుండెలు సూసి సూసి ఈల్లకి సెడ్డది వచ్చినప్పుడు పరాయిగుంటాదమ్మా. సొంతోడిది సూడనీ" అన్నారు. మందులకి కాస్త తేరుకున్నారు కాబట్టి కాసేపే అని ఒప్పుకున్నాను. కుర్రవాళ్ళు భయపడుతూ ప్రోబ్ ఆనీ ఆననట్టు పెడుతుంటే, "గట్టిగా నొక్కండ్రా, నేనేటి గాజుబొమ్మనా?" అని కసిరారు. అలా వచ్చిన ప్రతి బ్యాచీకీ తన గుండె చూపించారు.

నేర్చుకున్నవాళ్ళ ఆసుపత్రికి నేను స్వయంగా వెళ్ళి, వాళ్ళ రోగుల మీద వాళ్ళ చేత చేయించి చూడడం మా శిక్షణలో ఆఖరి మెట్టు. ఆయన ఆసుపత్రికి ఒక పొద్దున్న వెళ్ళాను. అక్కడి మెషీనుకి దసరా నాటి పసుపు బొట్లు ఇంకా ఉన్నాయి. ఆయన దగ్గర పనిచేసే కుర్ర డాక్టరమ్మ ఒకతె దాన్ని తోసుకొస్తోంది. అదే సమయానికి సముద్రపు ఒడ్డు పల్లె నుంచి ఒక పిల్లని తీసుకొచ్చారు. కాన్పయి నెల తిరగలేదు. కూర్చుని, రెండు చేతులూ మంచానికి ఊతం పెట్టి, గాలి కోసం నోరు తెరుస్తోంది. వెంట వచ్చిన తల్లి, చేపలమ్మే మనిషి, చంకలో పసిగుడ్డుతో ఆయనకి అడ్డం పడింది.

"నా గుంట సచ్చిపోతాది బావూ! నిమ్మనుకున్నాం, దగ్గనుకున్నాం. సూడు బావూ, ఊపిరాడ్నేదు!"

ఊపిరితిత్తులకి జబ్బని రాసి ఎవరో పంపించారు. బీపీ తక్కువగా ఉంది. డాక్టరమ్మ అలవాటు ప్రకారం "సెలైన్ ఫాస్ట్‌గా వదలండి" అంది నర్సుతో.

"ఆగు" అన్నారు ఆయన.

మెషీను లాక్కున్నారు. నా చెయ్యి దానంతటదే ప్రోబ్ వైపు వెళ్ళింది. బతుకు మీదికొచ్చిన మనిషి, నేర్చుకుంటున్న చెయ్యి. ఈ రెండూ ఒకచోట ఉంటే నేర్పేవాళ్ళకి చెయ్యి ఆగదు. ఆయన నా వైపు చూడకుండానే, "నువ్వు ముట్టుకోకమ్మా" అన్నారు.

ఆ పిల్లని పడుకోబెట్టలేదు. కూర్చున్నదాన్ని కూర్చోనిచ్చి, తను మోకాలి మీద ఒరిగి, చిటికెనవేలు ఆనించారు. ఆ పిల్ల ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. ఆయన చెయ్యి మాత్రం దాంతోపాటు లేచి దాంతోపాటు దిగింది, ఇంకెటూ కదల్లేదు. తెర మీద గుండె వచ్చి నిలబడింది. పెద్ద గది, బద్ధకంగా ఊగే గోడలు.

ఆయన దానికేసి చూసిన చూపు నేను మర్చిపోలేను. తెలియని ఊళ్ళో తెలిసిన మొహం ఎదురైనట్టు చూశారు.

"ఇది నాకు తెలుసు" అన్నారు. ప్రోబ్ ఊపిరితిత్తి మీదికి మార్చారు. పైనుంచి కిందికి తెల్లటి చారలు, నీరు చేరినందుకు గుర్తు. "గుండె వల్లే. కాన్పుతో వచ్చింది. సెలైన్ తీసీయండి. తీసీయండంటే! మాస్కుతో గాలి పెట్టండి. నీరు లాగే మందు ఇయ్యండి." తర్వాత డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని ప్రోబ్ అందులో పెట్టారు. "నువ్వూ సూడు. ఇంకో బాటిల్ ఎక్కితే ఏటయ్యేదో సూడు."

మధ్యాహ్నానికి ఆ పిల్ల ఊపిరి కుదుటపడింది. తల్లి ఆయన చేతులు పట్టుకుంటే, "నాకెందుకే దండాలు, బిడ్డకి పాలడబ్బా ఏదైనా సూడు ముందు" అని విదిలించుకుని పోయారు. వరండా చివర గోడకి చెయ్యి ఆనించి, ఆయాసం తీర్చుకోవడం చూశాను.

కొన్ని నెలల తర్వాత ఒక సాయంత్రం వీడియో కాల్ చేశారు. పలకరింపు లేదు. ఫోనుని మెషీను తెరకి ఎదురుగా పట్టుకున్నారు. ఒక గుండె. చక్కగా బిగుస్తోంది, వదులుతోంది.

"ఎవరిది సార్?"

"ఆ పల్లె పిల్లది. సూడ్డానికొచ్చింది. బాగయిపోనాదా?"

"బాగయిపోయింది."

"పూర్తిగానా?"

"పూర్తిగా సార్."

ఫోను అలాగే పట్టుకుని ఉన్నారు. గుండె కొట్టుకుంటూనే ఉంది. మొహం నాకు కనిపించడం లేదు.

"మరి ఒకలాగే ఉండేది కదమ్మా, నాదీ దాందీ" అన్నారు.

"చూడ్డానికి ఒకలాగే ఉంటాయి సార్. జబ్బు ఒకటి కాదు" అన్నాను.

"అవును. అదే కదా." వెంటనే గొంతు పెంచి, "ఒసే, నీ గుండె బంగారంలాగ ఉన్నాది. కానీ మళ్ళీ కడుపు అనీసి రాకు, సంపీస్తాది" అని ఆ పిల్లని కేకలేశారు. ఆ పిల్ల నవ్వడం వినిపించింది. పక్కన బిడ్డ ఏదో కూస్తోంది. ఫోను పెట్టేశారు.

ఆయన పోయింది ఆసుపత్రిలోనే. పొద్దుటి రౌండ్లలో ఒక మంచం దగ్గర నుంచి ఇంకో మంచం దగ్గరికి వెళ్తూ మధ్యలో పడిపోయారు. ఆ కబురు చెప్పింది ఆ డాక్టరమ్మే. ఏడవలేదు.

"అన్నీ చేశాం మేడం. ఛాతీ నొక్కుతూనే ఉన్నాం, షాకులిచ్చాం. నాడి చూడ్డానికి ఆగినప్పుడల్లా నేనే ప్రోబ్ పెట్టి చూశాను. కదలిక లేదు. చాలాసేపటి దాకా లేదు. అందరూ నా మొహమే చూస్తున్నారు. సార్ విషయంలో ఇక ఆపమని ఎవరంటారు? నేనే అన్నాను."

"అవునమ్మా."

"ఒకటడగనా మేడం? ఆఖరిసారి చూసినప్పుడు కవాటం దగ్గర ఏదో కదిలినట్టు అనిపించింది. మళ్ళీ పెట్టాను. లేదు. కానీ అనిపించింది. నేను తొందరపడ్డానా?"

"వీడియో దాచావా?"

"దాచాను."

"పంపించు."

వచ్చింది. వరండాలో నిలబడి చూశాను. ఆ గుండె నాకు బాగా తెలుసు. ఎన్ని బ్యాచీలకి, ఎన్ని కోణాల నుంచి చూపించానో. ఒకసారి చూసి, మళ్ళీ చూసి, వేగం తగ్గించి ఇంకోసారి చూశాను. బొమ్మ స్పష్టంగా ఉంది. చెయ్యి ఎక్కడా వణకలేదు. లోపల ఏదీ కదల్లేదు.

ఫోను చేశాను. "సరిగ్గానే చూశావు. నేనున్నా అదే చెప్పేదాన్ని."

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"సరే మేడం. కిటికీ పక్క మంచం ఆయనకి బీపీ పడిపోతోంది. నేను వెళ్ళి చూడాలి."

"వెళ్ళు" అన్నాను. ఫోను ఆపడం మర్చిపోయినట్టుంది. మెషీను చక్రాలు గచ్చు మీద దొర్లడం, "జెల్ ఇవ్వండి, తొందరగా" అని ఆమె ఎవరినో కసరడం వినిపించింది.